కొమ్ము కట్టని దారం

మా తమ్ముడు ఆకాశం నుంచి పడి చనిపోలేదు. ముందు ఈ మాట చెప్పి, తర్వాత మిగతావి చెబుతాను. మొన్న ఫాల్గుణంలో, పసుపు సీజను జోరు మీదున్నప్పుడు, ఆర్మూరులో రైతుల సరుకు అమ్మిపెట్టే మా అడ్తి దుకాణం అరుగు మీద, బస్తాకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె ఆగిందని దవాఖానలో చెప్పారు. ఇరవై ఏళ్లకు పైగా చిన్న విమానాలు నడిపి, ఎంతోమంది పిల్లలకు నడపడం నేర్పిన మనిషి నేల మీద పోయాడు.

ఆ పొద్దు గురించి చెప్పాలి. అందులో ఏ ప్రత్యేకతా లేదు.

నా ఇల్లు పుట్టింటికి పక్క వీధిలోనే. దీపం పెట్టుకుని, తులసికి నీళ్లు పోసి, రోజూలాగే అమ్మ దగ్గరికి వెళ్లాను. తమ్ముడు హైదరాబాదు నుంచి సెలవు మీద వచ్చి ఉన్నాడు. పెరట్లో ఉడికిన పసుపు ఆరబోసి ఉంది. ఆ వాసన మా ఇంట్లో ఎవరికీ తెలియదు, బయటినుంచి వచ్చినవాళ్లు చెబితేనే గుర్తొస్తుంది. వాడు చాయ్ సాసర్లో పోసుకుని తాగుతూ, ఇంకో చేత్తో నీళ్ల డ్రమ్ము రేకు మూతను నిమురుతున్నాడు.

"ఏం దేవులాడుతున్నవ్ రా దాని మీద?" అన్నాను.

"ఏం లేదక్కా. చెయ్యికి అలవాటు."

ఆ అలవాటు మా అందరికీ తెలుసు. బీరువా తలుపు, లారీ మడ్‌గార్డు, చంటిపిల్లల తల, ఏది దొరికినా అరచెయ్యి ఆనించి ఒకసారి నిమిరేవాడు. కంటికి కనబడనిది అరచేతికి తెలుస్తుందని వాడి నమ్మకం.

"దారం అయిందా అక్కా?"

"నిన్న ముంచిన. వసారాల తీగె మీద ఆరుతున్నది."

"నా బిడ్డకియ్యాలె. వచ్చే నెల పరీక్షున్నది దానికి."

తువ్వాలు భుజాన వేసుకుని, సిద్ధుల గుట్ట వైపు తలెత్తి చూశాడు. "గాలి గుట్ట దిక్కు నుంచి ఉన్నది. పసుపు ఇయ్యాల మంచిగ ఆరుతది" అన్నాడు. నాతో వాడు అన్న ఆఖరి మాట అది. దాంట్లో వెతకడానికి ఏమీ లేదు. పసుపు గురించే అన్నాడు. ఆ రోజు పసుపు బాగానే ఆరింది కూడా.

పొయ్యి మీద ఎసరు మరుగుతుండగా హమాలీ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అక్కా, సారు ఉలుకుతలేడు, పలుకుతలేడు!" మేం వెళ్లేసరికి వాడి గుప్పిట్లో ఒక పసుపు కొమ్ము ఉంది. సరుకు ఎట్లుందో చూస్తూ ఉండి ఉంటాడు.

పరామర్శకు వచ్చినవాళ్లలో సగం మంది గడపలో కాలు పెడుతూనే అడిగింది ఒకటే. అంకాపూర్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, వరుసకు బావ అవుతాడు, చెప్పులు విడుస్తూనే అన్నాడు: "ఏడ పడ్డదమ్మా విమానం?"

"పడలే బావా. దుకాణంల కూసున్నడు, పోయిండు."

"గట్లనా!" అన్నాడు. మొహంలో కాస్త నిరాశ కూడా కనిపించింది నాకు. "అయినా గా గాలి పని మంచిది గాదమ్మా. నేను ఎప్పట్నుంచో అంటనే ఉన్న."

"బస్తాకు ఆనుకోని పోయిండు బావా. రేపటి సంది బస్తాలు ముట్టుకోవా నువ్వు?"

ఆయన నీళ్లు తాగి వెళ్లిపోయాడు. నేను మాటలు తక్కువ మనిషినని అందరూ అంటారు. ఆ రోజుల్లో మాత్రం ప్రతి ఒక్కరికీ జవాబు చెప్పాను.

ఇప్పుడు దారం సంగతి. అది తెలియకపోతే మా తమ్ముడు తెలియడు.

చిన్న విమానంలో ఎంత వేగంగా పోతున్నదో చెప్పే ముల్లు ఉంటుందట. ఎంత ఎత్తులో ఉన్నదో చెప్పే ముల్లూ ఉంటుంది. కానీ ఎదురొచ్చే గాలికి రెక్క ఎంత వాలుగా నిలిచిందో చెప్పేది ఉండదట. అసలు ప్రాణమంతా ఆ వాలులోనే ఉందనేవాడు. అది హద్దు దాటితే, ముక్కు ఎటున్నా, వేగం ఎంతున్నా, గాలి రెక్కను విడిచిపెడుతుంది. రెక్క మోయడం మానేస్తుంది.

నాకు అర్థం కాలేదంటే కల్లంలోకి తీసుకెళ్లి చాట ఇచ్చాడు. ఈదురుగాలి వీస్తున్న రోజు. "గాలికి ఎదురుంగ పండవెట్టి పట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను. "ఇగ ముందటి అంచు జర లేపు." లేపాను. చాట చేతుల్లో తేలిక అయింది, ఎవరో కింద నుంచి పట్టుకున్నట్టు. "ఇంక లేపు." ఇంకా లేపాను. ఒక్కసారి చాట గడగడ వణికి, వెనక్కి తన్ని, నా ఛాతీకి కొట్టుకుంది.

"గదే" అన్నాడు. "గాలి అంతే ఉన్నది, చాట అదే. వాలు మారింది."

పెద్ద విమానాల్లో ఆ వాలు చూపించే ముల్లు ఉంటుందట. తన చిన్న విమానంలో ఉన్నదల్లా హద్దు దగ్గరికి రాగానే మొత్తుకునే హారన్ ఒకటే. "హారన్‌ది ఆఖరి మాటక్కా. నాకు మొదటి మాట గావాలె" అనేవాడు. అందుకని క్లబ్బు ఇంజనీరును ఒప్పించి, రెక్కకు ఊతంగా ఉండే కడ్డీకి, ముందున్న పంకా గాలి తగలనంత దూరంలో, ఒక చిన్న రేకు బిగించాడు. దాని మీద గీతలు గీసి, ఒక దారం కట్టాడు. ఎదురుగాలి ఏ వాలున వస్తే దారం ఆ వాలునే వెనక్కి చాచుకుంటుంది. ఏ గీత మీద ఉందో కిటికీలోంచి చూసుకోవచ్చు. నేర్చుకునే పిల్లలకు అంతకంటే తేలికగా చెప్పే మార్గం లేదనేవాడు.

తెల్ల దారం మబ్బుల్లో కనిపించదు. ఎర్రది, నల్లది బజారులో బోలెడు దొరుకుతాయి. వాడికి మాత్రం పసుపులో ముంచిందే కావాలి. అది ఎండకు తొందరగా వెలిసిపోతుందని నేనే చెప్పాను.

"వెలిసిపోనియ్యి. మళ్ల వస్త నీ దగ్గరికి. రాకుంటె ఏం సాకు చెప్పి రావాలె?" అన్నాడు.

ఏళ్ల తరబడి అట్లాగే జరిగింది. దారం వెలిసినప్పుడల్లా వచ్చేవాడు, లేదా ఇటు వచ్చేవాళ్లతో కబురు పంపేవాడు. నేను పొద్దున దీపం దగ్గర కూర్చుని నూలు దారం పసుపు నీళ్లలో ముంచి తీగె మీద వేసేదాన్ని. పూజలో అది కూడా ఒక భాగమైపోయింది.

ఒకసారి నాకు జ్వరం వస్తే అమ్మ ఆ పని తీసుకుంది. కొడుకు గాలిలో తిరుగుతాడు, విమానానికి కట్టే దారమంటే రక్షే కదా అనుకుంది. నీళ్లలో ముంచితే ఏం సరిపోతుందని ముద్ద పసుపు దట్టంగా పట్టించింది. కొసకు మంచి లావుపాటి కొమ్ము చూసి ముడివేసింది. దేవుడి ముందు పెట్టి, కుంకుమ బొట్టు కూడా అద్ది, కాగితంలో చుట్టి పంపింది. పసుపు దారం, దానికి కొమ్ము! క్లబ్బులో పొట్లం విప్పితే పడిపడి నవ్వారట. "మాస్టారూ, విమానానికి పుస్తె కట్టబోతున్నరా? మరి లగ్గం ఎప్పుడు?" అని.

వాడు ఇంటికి వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాడు. "అమ్మా, నీ దారం మస్తు గట్టిగున్నది. గని గాలి దాన్ని లేపుతలేదు. కొమ్ము బరువుకు కిందికే చూస్తది. గాలి మాట దానికి ఇనవడుతలేదు."

"మరి రక్షకు ఏం కడ్తవురా?"

"ఏం కట్టొద్దమ్మా. ఏం కట్టకపోవుడే రక్ష."

అమ్మకు అది నచ్చలేదు. చాలా రోజులు మూతి ముడుచుకునే ఉంది. అయినా వాడి మెడలో వేయడానికి ఒక కొమ్ము వేరే దారానికి కట్టించింది. అది మాత్రం కాదనకుండా వేసుకున్నాడు.

ఆ దారం కూడా అబద్ధం చెప్పే రోజు ఒకటుందని వాడే చెప్పాడు. రెక్క మీద మంచు పేరుకున్న రోజు.

ఎనభైలలో వాడు కొన్నాళ్లు ఉత్తరాదిన, కొండల కింద ఒక ఊళ్లో, ఒక ఫ్యాక్టరీ యజమాని సొంత విమానం నడిపే కొలువు చేశాడు. చలికాలం ఒక తెల్లవారుజామున యజమాని పెళ్లికి పోవాలని శాలువా కప్పుకుని వచ్చి నిలబడ్డాడు. రెక్క మీద మంచు ఉంది. గడ్డ కాదు, ముగ్గుపిండి చల్లినంత. వీడు అరచెయ్యి పెట్టి నిమిరాడు. గరగరమంది. "ఎండ రానీయండి, కరిగి ఆరినాక పోదాం" అన్నాడు. "ఇంత పిండికి భయమా?" అన్నాడు యజమాని. వీడు కదలలేదు. ఇంకో పైలట్‌ను పిలిపించారు. ఆయన పైపైన గుడ్డతో తుడిచి, యజమానిని ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

ఏమీ కాలేదు. సుఖంగా వెళ్లారు, సుఖంగా దిగారు. మా తమ్ముడి కొలువు పోయింది.

ఆ విమానానికి ఏదైనా అయి ఉంటే వాడి మాటే నిజమైందని లోకం అనేది. వాడు అట్లా ఎన్నడూ కోరుకోలేదు. పరుపుచుట్ట పట్టుకుని ఆర్మూరు బస్సు దిగినప్పుడు, మా చిన్నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నాన్న పోయిన తర్వాత ఇంటికి పెద్ద ఆయనే.

"ఏందిరో! విమానం నడిపేటోనివి మంచుకు భయపడ్డవంట?" అన్నాడు పది మంది ముందర.

"అవు చిన్నాయినా, భయపడ్డ. మంచిగనే భయపడ్డ" అన్నాడు వీడు నవ్వుతూ, పరుపుచుట్ట దించుతూ.

లోపలికి వచ్చాక నవ్వు లేదు. పెరట్లోంచి రెండు కొమ్ములు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఒకటి ఎండి, ఇంకా పాలిష్ పట్టనిది. ఇంకొకటి పాలిష్ డ్రమ్ములో తిరిగి నున్నగా మెరుస్తున్నది.

"నిమురక్కా. రెండు ఒక్కతీరుగున్నయా?"

"లేవు. ఇది గరుకు."

"మంచు వడ్డ రెక్క గట్లుంటది. గాలి దాని మీద సాఫుగ పారది, ముందుగాల్నే విడిసిపెడ్తది. దారం సూస్తే ఇంక హద్దు దూరమున్నట్టే ఉంటది. రెక్క అప్పటికే చేతులెత్తేస్తది. నేను గీసిన గీతలు నున్నటి రెక్కకు, గరుకు రెక్కకు గాదు." కొమ్ములు వెనక్కి తీసుకుంటూ అన్నాడు. "ఏం కాలేదంటే మంచు లేనట్టు గాదు కదక్కా."

నేను తల ఊపాను. ఆ తర్వాత వాడు ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. పిరికివాడని వెనకాల అన్నవాళ్లకు జవాబూ చెప్పలేదు. హైదరాబాదుకు పోయి క్లబ్బులో పిల్లలకు నేర్పుకుంటూ ఉండిపోయాడు. వాడి దగ్గర నేర్చుకున్న పిల్లలు ఎవరూ విమానం ఎక్కే ముందు రెక్క నిమరకుండా ఎక్కరని విన్నాను. పూజలో నేను వాడి ధైర్యం కోసం ఎన్నడూ మొక్కలేదు. వాడి భయం వాడి దగ్గరే ఉండాలని మొక్కాను. ఉంది, చివరిదాకా.

వాడి కూతురు, నా మేనకోడలు, వాడి దగ్గరే నేర్చుకుంది. ఒక్కతే విమానం తీసుకుపోయి దింపే దాకా వచ్చింది. లైసెన్సుకు ఇంకొక పరీక్ష మిగిలింది. తండ్రి పోయాడన్న కబురు అందగానే బస్సెక్కి వచ్చింది. ఆ తర్వాత వసారా స్తంభాన్ని ఆనుకుని కూర్చుంది. ఏడుపు తక్కువ, పని ఎక్కువ. వచ్చినవాళ్లకు నీళ్లిచ్చేది, చెప్పులు సరిచేసేది.

నేను ముంచిన దారం ఆ రోజులన్నీ తీగె మీదే ఉండిపోయింది. మైల ఇంట్లో పసుపు దారం ఏమిటి, తీసెయ్యమని చిన్నమ్మ రెండు మూడు సార్లు అంది. నేను తీయలేదు. వాడు అడిగిన దారం అది.

దినాలు అయిపోయిన సాయంత్రం అందరం పెరట్లో చాపల మీద కూర్చున్నాం. చిన్నాయన గొంతు సవరించుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. శవం ముందర దుడ్డుకర్ర విసిరేసి చిన్నపిల్లవాడిలా ఏడ్చిన మనిషి.

"ఒక్కణ్ణి పోగొట్టుకున్నం" అన్నాడు. "ఇగ పిల్లను గూడ గాలిల వెడ్దామా? నేర్పేటోడే లేకపాయె. సామాన్లు తెప్పిద్దాం. ఇక్కణ్ణే ఏదన్న చదువుకుంటది."

చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. తమ్ముడి భార్య, మా మరదలు, తల వంచుకునే ఉంది. వంచుకునే అంది: "పిల్లను గూడ ఒక మాట అడుగుండ్రి మామా."

"పిల్లకేం ఎరుక?"

"నేర్పినోడు లేడు చిన్నాయినా" అన్నాను నేను. "నేర్పింది ఉన్నది."

ఆయన నా వైపు చూసి, పిల్ల వైపు తిరిగాడు. "చెప్పవే. భయంగాదా నీకు?"

"అయితది తాతా."

"మరి?"

"భయంగాకుంటే బాపు విమానం ఇయ్యకపోతుండె."

చిన్నాయన పట్టు విడువలేదు. "మీ బాపు మంచు మంచు అని కొలువే పోగొట్టుకున్నడు. మనకాడ మంచేడున్నదే? గీ ఎండలల్ల మంచు గురించి నేర్చుకోని ఏం జేస్తవ్?"

పిల్ల స్తంభం దగ్గర నుంచి లేచి వచ్చి ఆయన ముందర కూర్చుంది. "ఉన్నది తాతా. ముసురు వట్టిన రోజు, మనకు చెమటలు కారుతున్నా సరే, ఇంజను గొంతుల మంచు వడ్తది. పెట్రోలు, తేమగాలి కలిసే కాడ సల్లబడి గడ్డ కడ్తది. బయటికి కానరాదు. ఇంజను ఊకెనే మెల్లగ అయితది."

"అయితే?"

"వేడిగాలి ఇడిసే పిడి ఉంటది. గుంజాలె. గుంజంగనే ఇంజను ఇంకింత దగ్గుతది. మంచు కరిగి నీళ్లు లోపల్కి పోతయి గద, అందుకు. కొత్తోళ్లు గప్పుడే భయపడి పిడి ఎనక్కి నూకుతరు. గట్ల నూకితే ఖతం. దగ్గినా పట్టుకునే ఉండాలె, అది మళ్ల మంచిగ గుంజుకునేదాంక. బాపు నా చెయ్యి మీద చెయ్యి వెట్టి పట్టిచ్చిండు, నూకకుంట." తన చేతి మీద ఇంకో చెయ్యి వేసి చూపించింది. "నేను నూకలే తాతా."

చిన్నాయన తువ్వాలు మొహానికి అద్దుకున్నాడు. "గట్ల దగ్గుతదా అది?" అన్నాడు చివరికి, మెల్లగా. "దగ్గుతది తాతా." "ఎంతసేపు?" "జరసేపే. గని మస్తు సేపనిపిస్తది."

ఆయన అమ్మ వైపు చూశాడు. "వదినె, నువ్వు చెప్పు. నీ మాటే మా అందరిది."

అమ్మ అప్పటిదాకా మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఎనభై దాటిన మనిషి, కొడుకును పోగొట్టుకున్న మనిషి. వద్దంటుందనే అందరం అనుకున్నాం. నేనూ అనుకున్నాను. మనసులో దేవుణ్ణి తలుచుకున్నాను. ఏమని అడగాలో తోచలేదు.

అమ్మ లేచి కూర్చుంది. "పెద్దదానా" అని నన్ను పిలిచింది. "దారం ఆరిందా?"

అది ఆరి ఎన్ని రోజులైందో ఆమెకు తెలుసు. "ఆరిందమ్మా" అన్నాను.

"తే ఇటు."

తీగె మీద నుంచి తీసి చేతికిచ్చాను. అమ్మ ఒక కొస నుంచి ఇంకో కొస దాకా అరచేతిలో జార్చుకుంటూ నిమిరింది, అచ్చం వాడు నిమిరినట్టే. మంచం పక్కన పళ్లెంలో పసుపు కొమ్ములున్నాయి. అమ్మ చెయ్యి అటు పోయింది. ఒక కొమ్ము తీసింది. చిన్నమ్మ ముడి వేయడానికి సాయం చేద్దామని ముందుకు వంగింది కూడా.

అమ్మ ఆ కొమ్మును మళ్లీ పళ్లెంలో పెట్టేసింది. పళ్లెం దూరంగా జరిపింది.

"కొమ్ము కట్టకుండ్రి" అంది. "బరువైతది. గాలి మాట దానికి ఇనవడది."

ఆ సాయంత్రం మా ఇంట్లో తేలిన మాట ఇది. పిల్ల తెల్లారి మొదటి బస్సుకు హైదరాబాదు పోతుంది. తల్లి తోడుగా పోయి పరీక్ష అయ్యేదాకా దాని దగ్గరే ఉంటుంది. బస్‌స్టాండు దాకా పెట్టె చిన్నాయన మోస్తాడు, వద్దన్నా వినడు. దారం వెలిసినప్పుడల్లా పిల్ల ఇక్కడికే రావాలి, బజారుది కొనకూడదు. ఈ ఆఖరి మాట అమ్మది. అంటున్నప్పుడు ఆమె చేతిలోని దారం, గుట్ట దిక్కు నుంచి వచ్చిన గాలికి మెల్లగా లేచి, పక్కకు సాఫీగా చాచుకుని నిలిచింది. దాని కొసన ఏమీ లేదు.